స్కోరు తెలియకూడని మనిషి

నమోదు 1

ఇది రాయకుండా ఎగ్గొట్టేద్దామనే అనుకున్నాను. నిన్నటిదాకా అదే ఉద్దేశం. నేను పంపుల మెకానిక్కుని. చదువంటారా, పంపులతో పాటు డబ్బాల్లో వచ్చిన పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు ఇప్పటికీ కొంచెం 'మూత తీయుటకు ముందు ఒత్తిడి గమనించవలెను' ధోరణిలో ఉంటుంది. అలాంటివాడు దినచర్య రాస్తే చదివేదెవరు? మా ఆవిడ వరహాలమ్మని అడిగితే, "మీరు చెప్పేది వినడానికే నాకు ఓపిక చాలట్లేదు, రాసింది కూడా చదవాలా?" అంది.

కాని కమిటీ పెద్ద రెహానా గారు ఊరుకోలేదు. ఆవిడ మా ఊరి డాక్టరు కూడా. "ఏ సంగతి మీ చెవిన ఎప్పుడు పడిందో, అప్పుడు మీకేమనిపించిందో, ఏ రోజుది ఆ రోజే రాసి పెట్టండి ఏడుకొండలు గారూ. ఆలస్యంగా రాస్తే మనసు తన సొంత కథ అల్లేసుకుంటుంది. 'నేను ముందే అనుకున్నాను' అనని మనిషి నాకింతవరకు తగల్లేదు" అన్నారు.

"నేను అననండి" అన్నాను.

"ఈ మాట అంటారని నేను ముందే అనుకున్నాను" అని ఆవిడే నవ్వారు.

కాబట్టి రాస్తున్నాను. ఈ ఏడాది ఊరి గంట నా మెడలో ఉంది.

పొద్దున గాలిగుడ్డలు ఉతకడానికి వెళ్ళాను. ఇంటి గాలిరంధ్రానికి కట్టిన గుడ్డ వారం తిరిగేసరికి బూడిదరంగు దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుపోతుంది. ఉతుకుడు గది మలుపు దాకా లోపలి గోల వినపడుతోంది. నా గంట గణగణమనేసరికి "గంట తాతొస్తున్నాడ్రోయ్, నోళ్ళు కట్టేయండి!" అని ఎవరో కేకేశారు. నేను లోపల అడుగు పెట్టేసరికి ఉన్నవాళ్ళందరూ తమ తమ గుడ్డల్ని పరీక్షకి చదువుతున్నట్టు చూస్తున్నారు.

"ఏంటర్రా విశేషాలు?" అన్నాను.

"దుమ్ము తాతా."

"దుమ్ము రోజూ ఉండేదే కదా."

"ఇవాళ ఇంకొంచెం ఎక్కువుంది తాతా" అంది ఒకావిడ. పక్కావిడ గుడ్డలో మొహం దాచుకుని నవ్వాపుకుంది.

భూమ్మీద ఆవుల మెడలో ఇలాంటి గంటే కట్టేవారట. చంద్రుడి మీద పుట్టినవాణ్ణి, నాకు ఆవు ఎక్కడ కనిపిస్తుంది? ఒక పాలపొడి డబ్బా మీద బొమ్మ చూశాను. ఆ బొమ్మలో ఆవు చాలా విచారంగా ఉంటుంది. ఎందుకో ఈ ఏడాది తెలిసింది. అది ఎటు వెళ్ళినా అందరూ మాటలాపేసేవారేమో.

నమోదు 2

ఈ గంట ఎందుకో చెప్పకపోతే నా రాతకి అర్థం ఉండదు. ఒక్కసారి చెప్పేస్తాను.

శనివారం నిజం ఆట. గనులు, తోటలు, పంపులు, ఖనిజం బళ్ళు అని పనినిబట్టి నాలుగు జట్లు. బంతిని తంతే పైకప్పుకి తగిలి ఎక్కడో దిగుతుంది. మా ఫుట్‌బాల్‌లో పైకప్పు కూడా మైదానం కిందే లెక్క. ఆడనివాళ్ళందరం ఆడేది రెండో ఆట. ఆ నాలుగు జట్లలోంచి ఎవరికి నచ్చిన పదకొండు మందిని వాళ్ళు ఏరుకుని, వారంవారం మార్చుకుంటూ ఊహాజట్టు నడుపుకుంటారు. మనం ఏరుకున్నవాళ్ళు శనివారం నిజంగా ఏం చేశారో దాన్నిబట్టి మనకు పాయింట్లు. మనం కెప్టెన్ అన్నవాడి పాయింట్లు రెట్టింపు. భూమ్మీద దీన్ని సరదాకి ఆడేవారట. మా సొరంగపేటలో కూడా సరదాగానే మొదలై గేటు దాకా వచ్చింది.

గేటంటే పైనుంచి ఊళ్ళోకి దిగే జంట తలుపులు. ఖనిజం బళ్ళు వచ్చి రెండు తలుపుల నడిమి గదిలో ఆగుతాయి. వెనక తలుపు సరిగ్గా మూసుకుందా, గాలి నిలబడుతోందా, లోపలి తలుపు తీయొచ్చా, ఇంకాసేపు ఆపాలా అన్నది అరకొర కొలతలు చూసి ఒక మనిషి తేల్చాలి. ఆ పని యంత్రానికి అప్పగించిన ఊళ్ళు ఉన్నాయి. ఉండేవి.

సగం సమాచారంతో వారంవారం మంచి నిర్ణయం తీసుకునేవాడే గేటుకి తగినవాడని మా పెద్దవాళ్ళు అనుకున్నారు. ఊహాజట్ల పట్టికలో మొదట వచ్చినవాడికి గేటు ఇచ్చారు. అతను మంచి అదృష్టవంతుడు. ఎంత అదృష్టవంతుడంటే, ఒత్తిడి ముల్లు వణుకుతున్నా తలుపు తీసేసేవాడు, ఏమీ అయ్యేది కాదు. చాలాకాలం ఏమీ కాలేదు. తర్వాత ఒకరోజు అయింది. బళ్ళబాట పక్కన గోడ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో ఒకటి మా అన్నయ్యది.

గంట ఆ తర్వాత వచ్చింది. ప్రతివాళ్ళూ తమ నిర్ణయాన్నీ, కారణాన్నీ ఆటకు ముందే మాటపెట్టెలో, అంటే గొంతు నిలవ చేసే డబ్బాలో, చెప్పి పెడతారు. సీజనంతా ఏ స్కోరూ చెవిన పడని ఒక మనిషి ఆ మాటలు వింటాడు. తర్వాత ఏమైందో తెలియకుండా, ఆ పూటకి తెలిసినదాన్నిబట్టే ఆ నిర్ణయం సబబో బేసబబో చెప్పాలి. సబబులు ఎక్కువున్నవాళ్ళకి గేటు, పట్టికలో మొదటివాడికి విందు. కాని గంట మనిషికి ఒక్క స్కోరు తెలిసినా తీర్పు రద్దు. గేటు పాత పద్ధతిలోనే పట్టికలో మొదటివాడికి పోతుంది.

ఈసారి గేటుకి పేరిచ్చింది ఇద్దరు. ఇందుమతి, ఇప్పుడు గేటు పెద్దగా ఉన్న పిల్ల. ఆమె భర్త సోమరాజు బళ్ళతో రోజూ పైకెళ్ళి వస్తాడు. "ఆయన లోపలికొచ్చే తలుపు నా చేతిలో ఉంటేనే నాకు ముద్ద దిగుద్ది బాబాయ్" అంది ఒకసారి. రెండోవాడు మృత్యుంజయం, బళ్ళ మేస్త్రి. నవ్వితే సొరంగం అవతలి కొసకి వినపడుతుంది. చెడ్డవాడేం కాదు. వణికే ముల్లుని చూస్తే మాత్రం అతనికి విసుగు.

నమోదు 3

చెవులు మూసుకోవచ్చు. బుర్రని ఎలా మూసుకోను?

ఆట జరిగినంతసేపూ నన్ను పాత పంపుగదిలో కూచోబెడతారు. ఆ పంపు రొదలో దేవుడు పిలిచినా వినపడదు. కాని బయటికి రాగానే మొహాలుంటాయి కదా. ఇవాళ బళ్ళవాళ్ళు నన్ను చూసి మాటలాపారు గాని నవ్వు ఆపలేదు. క్యాంటీన్‌లో బెల్లం ముక్క వేసిన జావ ఉచితంగా పోశారు. ఎవరి తరఫునో చెప్పలేదు. ఇందుమతి ఎదురుపడి "బాగున్నావా బాబాయ్" అని ఆగకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఆగేది.

ఆ జావ తాగుతూ లెక్క కట్టడం మొదలుపెట్టాను. బళ్ళవాళ్ళు నవ్వారంటే మృత్యుంజయం పైనున్నాడు. ఇందుమతి ఆగలేదంటే కిందుంది. ఎంత కింద? అక్కడికొచ్చేసరికి చెంచా కిందపెట్టి లేచొచ్చాను. పాతికేళ్ళ వయసులో దొంగతనంగా సిగరెట్ కోసం వెతుక్కున్నట్టు మనసు స్కోరు కోసం వెతుక్కుంటోంది.

రెహానా గారికి చెప్పాను. ఆవిడ నా గుమ్మం దగ్గర కాపలా పెట్టించారు. "ఎవరైనా కావాలని మీ చెవిన వేస్తే లాభం ఎవరికో మీకు తెలుసు కదా" అన్నారు. తెలుసు. తీర్పు రద్దయితే గేటు పట్టికలో పైనున్నవాడిది.

సాయంత్రం మృత్యుంజయమే వచ్చాడు. కాపలా మనిషి అడ్డం నిలబడితే గుమ్మం అవతలనుంచే మాట్లాడాడు.

"గురువు గారూ, మావాళ్ళు నోరు జారతారని మీరు కంప్లైంట్ ఇచ్చారంట కదండీ?"

"నోరు జారలేదయ్యా. పళ్ళు కనిపిస్తున్నాయన్నాను."

"నవ్వడం కూడా తప్పేనేంటండీ? సరే, రేపట్నించి అందర్నీ ఏడవమంటాను."

"అది కూడా స్కోరు చెప్పినట్టే అవుద్ది."

అతను గుమ్మానికి ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూడండీ, నాకు గేటు కావాలి. దొడ్డిదారిన మాత్రం వద్దు. ఎవడన్నా మీ దగ్గర వాగితే ఆడి పేరు నాకు చెప్పండి, ఆడి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

నమ్మాలో వద్దో తెలియలేదని రాసి పెడుతున్నాను. తర్వాతెప్పుడైనా నమ్మానని చెప్పుకుంటే ఈ వాక్యం నాకు చూపించండి.

నమోదు 4

చివరి శనివారం అయిపోయింది. నేను పంపుగదిలోంచి వచ్చి మాటపెట్టెల్లో చివరి వారం విన్నాను. పద్ధతి ప్రకారం అన్నీ రెండుసార్లు వినాలి. మొదటిసారి వరసగా, రెండోసారి వెనకనుంచి ముందుకి. మొదటి విడతలో పెన్సిలు గుర్తులే. తీర్పు రోజున సభలో నోటితో చెప్పేదే లెక్క.

ఇందుమతి మాట ఇది, ఉన్నదున్నట్టు:

"ఏసుపాదాన్ని జట్టులోంచి తీసేస్తున్నాను. నిన్న బళ్ళతో గేటు దాటి లోపలికొచ్చేటప్పుడు ఎడం కాలి మీద బరువెయ్యలేదు. రెండుసార్లు చూశాను. ఆడతాడనే చెప్తున్నారు. ఆడినా పూర్తిగా ఆడలేడనిపిస్తోంది. ఊరంతా అతన్నే కెప్టెన్ చేసుద్దని తెలుసు. అయినా తీసేస్తున్నాను."

ఏసుపాదం గనుల జట్టులో ముందువరస ఆటగాడు. మా ఊరి చిన్నపిల్లలు వాడిలాగే జుట్టు కత్తిరించుకుంటారు. నేను కూడా అలాగే కత్తిరించుకునేవాణ్ణి, ఉండి ఉంటే. వాణ్ణి తీసేయడమంటే మాటలు కాదు. కాని గొంతు నిబ్బరంగా ఉంది. తొందర లేదు. 'అయినా' అనే ముందు కొంచెం ఆగింది, ఆలోచించే మనిషి ఆగినట్టు. సబబు అని గుర్తు పెట్టాను.

మృత్యుంజయం: "ఏసుపాదమే కెప్టెన్. ఇంకేటి చెప్పాలి? ఆడు నాకు కలిసొస్తాడు."

దీనికి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. కలిసిరావడం కారణం కాదు. ఏసుపాదం గొప్ప ఆటగాడన్నది మాత్రం కారణమే. కాలి సంగతి ఇతను చూశాడో లేదో తెలియదు.

నమోదు 5

ఇది రాయాలని లేదు. అయినా రాయాలి.

నాగరత్నం వచ్చింది. ఇందుమతికి అత్తగారు, నాకు వరసకి చెల్లెలు. వరహాలమ్మ తోటల్లో పనికెళ్ళింది. బళ్ళవాళ్ళ జేబులు కూడా తడిమి చూసే కాపలా మనిషి, చేతిలో గిన్నె పట్టుకున్న ముసలావిణ్ణి చూసి పక్కకు తప్పుకున్నాడు.

"అన్నయ్యా, నీకని తోటకూర వండి తెచ్చాను."

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా. గంట చూశావు కదా."

"ఆట మాట కాదులే అన్నయ్యా. నా కోడలి మాట." గిన్నె పెట్టి కింద చతికిలబడింది. "ముద్ద ముట్టట్లేదు. సోమరాజుతో కూడా మాట్లాట్టం లేదు. ఆ గేటు పోతే ఇది బతకదన్నయ్యా."

"చెల్లమ్మా, లే. ఇంకొక్క మాట కూడా వద్దు."

"లేస్తాను. నువ్వు మాత్రం దాన్ని తప్పు పట్టకు. కుంటుతూ వచ్చినోడు నాలుగు గోల్సు కొడతాడని దానికేం తెలుసు? ఊరంతా ఆడిని కెప్టెనుగా పెట్టుకుని..."

రెండు చేతులతో గంట పట్టుకుని ఊపాను. చెవులు గింగురుమనేదాకా ఊపాను. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే అయిపోయింది.

నాగరత్నం నా మొహం చూసింది. చెంగు నోట్లో కుక్కుకుంది. "నేనేమన్నాను అన్నయ్యా?"

"ఏమీ అనలేదు."

"అనేశాను కదా."

"ఇంటికెళ్ళమ్మా."

శత్రువులు వస్తారని గుమ్మం దగ్గర మనిషిని పెట్టుకున్నాం. ప్రేమ గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. కాపలా మనిషి "ఏవైంది తాతా, ఏమన్నా అందా?" అన్నాడు. "గంట దుమ్ము పట్టింది, దులుపుతున్నాను" అన్నాను. అలా అన్నానని కూడా రాసి పెడుతున్నాను.

నమోదు 6

ఎవరికీ చెప్పలేదు ఇంకా. వరహాలమ్మకి కూడా. ఆవిడ తోటకూర తిని బాగుందంది.

చెప్పకపోతే ఏమవుతుందో ముందు చూసుకుందాం అనుకున్నాను. పెన్సిలు గుర్తులున్నాయి. తెలియకముందు పెట్టినవే. సభలో అవే చదివేస్తే సరిపోతుంది. ఇందుమతికి గేటు దక్కుతుంది. ఎవరికీ అన్యాయం లేదు. ఇది నాకు చాలా తెలివైన ఆలోచనలా కనిపించింది. అందుకే అనుమానం వచ్చి మాటపెట్టె మళ్ళీ పెట్టాను.

అదే గొంతు. అవే మాటలు. "ఊరంతా అతన్నే కెప్టెన్ చేసుద్దని తెలుసు. అయినా తీసేస్తున్నాను."

ఈసారి అందులో పొగరు వినిపించింది. ఊరందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న పొగరు. 'అయినా' ముందు ఆగిన ఆ క్షణం తనమీద తనకే నమ్మకం చాలక ఆగినట్టు ఉంది. రెండుసార్లు చూశానంది, రెండుసార్లు చూస్తే చాలా? డాక్టరుని ఎందుకు అడగలేదు? ఈ పిల్లకి తొందరెక్కువ, నాకు ముందునుంచీ తెలుసు అనుకున్నాను.

అప్పుడు నాలుగో నమోదు తీసి చూశాను. 'నిబ్బరంగా ఉంది. తొందర లేదు' అని నా రాతే. ఇంకు మరక కూడా నా వేలిదే.

పెట్టెలో గొంతు మారదు. మారింది నేను. నాలుగు గోల్సు నా చెవిలో దూరి, అక్కడనుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, శుక్రవారం నాటి పిల్ల గొంతులో పొగరు పోశాయి. మళ్ళీ ఇంకోసారి విన్నాను. ఇప్పుడు నాగరత్నం ఏడుపు గుర్తొచ్చి జాలేసింది, గొంతు మళ్ళీ నిబ్బరంగా తోచింది. అదీ నమ్మడానికి లేదు. ఇక నేను సబబు అన్నా బేసబబు అన్నా అది పెట్టెలోంచి వచ్చిందో, తోటకూర గిన్నెలోంచి వచ్చిందో నాకే తెలియదు. రెండో విడత వినాల్సినవన్నీ ఇలాగే పాడైపోయాయి. ఒకప్పుడు పంపులో ఇసక పడితే మొత్తం విప్పి కడిగేవాణ్ణి. నన్ను విప్పి కడిగేవాళ్ళు లేరు.

చెప్పేస్తే ఇందుమతి గేటు పోతుంది. తనవైపు మాట్లాడడానికి వచ్చిన మనిషి వల్ల పోతుంది. చెప్పకపోతే ఈ గంటకి అర్థం లేదు, గోడ మీద పేర్లకి కూడా లేదు.

రేపు సభ.

నమోదు 7

సభ సాయంత్రం బడి హాల్లో. నిలబడడానికి కూడా చోటు లేదు. వరహాలమ్మ ఎప్పుడూ ఈ సభకి రాదు. నాకు తల తిరుగుతోందని శాలువా, మాత్రలు పట్టుకుని ఇవాళ వెంట వచ్చింది.

రెహానా గారు నా పేరు పిలిచారు. నేను లేచి గంట తీసి బల్ల మీద పెట్టాను. 

"నాకు ఒక స్కోరు తెలిసిపోయింది" అన్నాను.

"ఎవరు చెప్పారు?" రెహానా గారు అడిగారు.

"అది అడగొద్దండి. లాభం కోసం చెప్పలేదు."

వెనకనుంచి ఎవరో ఏడ్చిన చప్పుడు. నేను అటు చూడలేదు. ఇందుమతి మొదటి వరసలో ఉంది. నావైపు చూసింది. కోపంగా కాదు. ముల్లు వైపు చూసినట్టు చూసింది. సోమరాజు లేచి, "మరి తీర్పు ఎవరిస్తారండీ?" అన్నాడు.

"తీర్పుండదు. రూలు ప్రకారం పట్టికే" అన్నారు రెహానా గారు. ఆవిడ బల్ల మీది గంటని పక్కకి జరిపారు. "ఊళ్ళో స్కోర్లు తెలియని మనిషి ఇంకొకరుంటే వేరే సంగతి. ఉన్నారా ఎవరైనా?"

బళ్ళవాళ్ళలో ఒకడు నవ్వాడు. "చంటిపిల్లలు కూడా చెప్తారండీ."

అప్పుడు వరహాలమ్మ నా భుజం మీద శాలువా సర్దుతూ, బయటికి వినిపిస్తుందని తెలియక, "అయితే సీజనైపోయిందా? మరి ఇంక ఇంటికెళ్ళొచ్చు కదా" అంది.

ముందు హాలంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరూ నవ్వడం మానేశారు.

మా పెళ్ళినాటి నుంచీ ఆవిడ ఆట పేరెత్తితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. మా పెళ్ళిభోజనాల మధ్యలో నేను స్కోరు కనుక్కోవడానికి లేచి వెళ్ళానట. ఆ రోజునుంచి. ఇన్నేళ్ళూ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్ళని ఏరికోరి, మెడలో గంటలు కట్టి, చెవుల్లో దూది పెట్టి హింసించాం. ఆట తెలిస్తేనే నిర్ణయం తెలుస్తుందనుకున్నాం. ఎవరికీ వేరే ఆలోచనే రాలేదు.

"వరహాలమ్మ గారూ, ఎవరు గెలిచారో మీకు తెలుసా?" రెహానా గారు చాలా జాగ్రత్తగా అడిగారు.

"ఏ దాంట్లో?"

బళ్ళవాళ్ళలో పెద్దమనిషి లేచాడు. "ఆవిడకి ఆఫ్‌సైడంటే ఏంటో తెలీదండీ! పైగా ఆయన భార్య. ఇంట్లో చెప్పకుండా ఉంటాడా?"

"ఆయన చెప్పేది నేను వినడం మానేసి చాలా కాలమైంది బాబూ" అంది వరహాలమ్మ.

అందరూ మృత్యుంజయం వైపు తిరిగారు. పట్టికలో మొదటివాడు అతనేనని ఇప్పుడు నాకు తెలుసు. అతను కాదంటే అక్కడితో ఆగిపోతుంది. మెడ రుద్దుకుని, పైకప్పు చూసి, "కానివ్వండి" అన్నాడు. "ఆఫ్‌సైడు మా ఆటగాళ్ళకి కూడా సరిగ్గా తెలీదు."

మూడో నమోదులోని ఆ 'నమ్మాలో వద్దో' వాక్యం నాకు చూపించనక్కర్లేదు. నేనే వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

నమోదు 8

ఇవాళ తీర్పు. మొహాలు చూసి వరహాలమ్మ కనిపెట్టకుండా ఉండాలని రెహానా గారు ఊరందర్నీ గోడల వైపు తిప్పి కూచోబెట్టారు. ఇంత జనం వీపులు ఒక్కసారి నేనెప్పుడూ చూడలేదు. నన్నూ తిప్పారు. కాబట్టి రాసేదంతా విన్నదే.

వరహాలమ్మ ఒక్కొక్క పెట్టె విని ప్రశ్నలడిగింది. ఆ రోజుకి తెలిసిన సంగతులు మాత్రమే రెహానా గారు చెప్పాలి.

"ఈ గున్నయ్య అనేవాడు ఎవరు?"

"తోటల జట్టు గోల్‌కీపర్ అండి. బంతి లోపలికి పోకుండా ఆపేవాడు."

"ఆపగలడా?"

"అంతకుముందు కొన్ని వారాలుగా ఆపలేకపోతున్నాడు."

"మరి ఇందుమతి 'పక్కింటివాడు, తీసేస్తే వాళ్ళమ్మ బాధపడుద్ది' అని ఉంచుకుందేంటి? ఇది బేసబబు."

గోడవైపున్న వీపుల్లో ఒకటి దగ్గింది. గున్నయ్య తల్లి. తర్వాత తెలిసింది, ఆ శనివారం గున్నయ్య ఒక్క గోలు కూడా పోనివ్వలేదట. ఆ వారం ఇందుమతి మెరుపు నిర్ణయం తీసుకుందని ఊరంతా చెప్పుకున్నారట. నా పెన్సిలు గుర్తు కూడా అక్కడ సబబనే ఉంది. నేను కూడా గున్నయ్య పక్కింటివాడినే.

మృత్యుంజయానికి చాలా సబబులొచ్చాయి, నిజం చెప్పాలి. పైకప్పు మరమ్మతు జరిగిన వారం ఎత్తుగా కొట్టేవాళ్ళని అతనొక్కడే తీసేశాడు. "బుర్రున్న పిల్లోడు" అంది వరహాలమ్మ. ఎవరి వీపో ఉబ్బింది.

ఇద్దరూ సమానంగా నడుస్తుండగా చివరి వారం వచ్చింది. ఇందుమతి మాట హాల్లో మోగింది. కుంటడం, రెండుసార్లు చూడడం, అయినా. 

"ఈ అబ్బాయి కాలు ఇంకెవరన్నా చూశారా, ఆటకి ముందు?"

"లేదండి. నేనూ చూడలేదు. ఆడతాడని జట్టువాళ్ళు చెప్పారు."

"జట్టువాళ్ళు చెప్తారు లెండి. మా ఆయన కూడా జ్వరంలో బాగున్నాననే చెప్తాడు." శాలువా సర్దుకున్న చప్పుడైంది. "ఇతను మామూలుగా బాగా ఆడతాడా?"

"అందరికంటే బాగా."

"అంత బాగా ఆడేవాడైతే కాలు బాలేకపోయినా కొంత ఆడతాడు కదా. అది కూడా చూసుకోవాలి."  పక్కన సోమరాజు ఊపిరి వినపడుతోంది. "కాని ఆమాట కూడా చెప్పిందిగా, ఆడినా పూర్తిగా ఆడలేడని. కళ్ళతో చూసింది. ఊరు ఎటు పోతుందో తెలిసి కూడా చూసిందే నమ్మింది. ఆ పూటకి అంతకంటే ఎవరికి తెలుసు? సబబు."

మృత్యుంజయం పెట్టె. 'ఆడు నాకు కలిసొస్తాడు.'

"కలిసిరావడమంటే ఏంటమ్మా?" అని అడిగింది వరహాలమ్మ.

రెహానా గారు సమాధానం వెతుక్కుంటుండగా మృత్యుంజయమే గోడ వైపునుంచి, "వదిలెయ్యండి పిన్నిగారూ. నాకూ తెలీదు" అన్నాడు.

అది బేసబబు కింద పోయింది, ఆ ఒక్క గుర్తు తేడా. గేటు ఇందుమతికే. మమ్మల్ని ఇటు తిరగమన్నారు. నాగరత్నం ఎక్కడా కనిపించలేదు. వరహాలమ్మ శాలువా మడత పెట్టుకుంటూ, "ఇంతకీ ఆ కుంటబ్బాయి ఆడాడా?" అంది. వీపులన్నీ మళ్ళీ గోడల వైపు తిరిగాయి. విందుకి మృత్యుంజయం మా ఇద్దర్నీ పిలిచాడు.

నమోదు 9

ఇవాళ బళ్ళు తిరిగొచ్చాక గేటు దగ్గర ముల్లు వణికింది. ఇందుమతి లోపలి తలుపు తీయలేదు. నడిమి గదిలో సోమరాజుతో సహా అందరూ ఆగిపోయారు. మృత్యుంజయం లోపలినుంచి గాజుమీద కొడుతూ ఏదో అరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. భోజనాల వేళ దాటిపోయింది. ముల్లు చూడమని నన్ను పిలిపించారు. విప్పి చూస్తే వెనక దుమ్ము చేరింది. గాలి బాగానే ఉంది, మొదటినుంచీ బాగానే ఉంది. తుడిచి బిగించాను. ఆమె ఇంకొంచెంసేపు చూసి తలుపు తీసింది. సోమరాజు హెల్మెట్ తీసి అన్నం ఉందా అని అడిగాడు. చల్లారిపోయిందని చెప్పింది.